నడుము తిప్పమని చెప్పలేదు

నా స్నేహితుని కుడి భుజం నా వల్ల చెడిపోయింది. అతను దర్జీ. డిస్కు విసిరే ఆటలో నేను అతనికి తప్పు పద్ధతి నేర్పాను. అది తప్పని నాకు తెలిసిన తరువాత కూడా, భుజం చెడేదాకా నాలుగు నెలలు అతనికి చెప్పలేదు. ఆ నాలుగు నెలలూ నేను మాత్రం సరైన పద్ధతిలో విసిరాను.

దీన్ని ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు చేతనవును. వయసు మీద పడిందని, ఆట అన్నాక దెబ్బలు తప్పవని, దర్జీల భుజాలు ఎటూ అరిగేవేనని చెప్పవచ్చు. చెప్పాను కూడా, అడిగిన వాళ్ళకూ అడగని వాళ్ళకూ. అందుకే ఈసారి ముందు ఈ నాలుగు ముక్కలు రాసి పెట్టుకుని, తరువాత మిగతాది మొదలుపెడుతున్నాను. ముందే రాయకపోతే చివరికి వచ్చేసరికి వేరే వాళ్ళ తప్పులు రాస్తూ కూర్చుంటానని నా గురించి నాకు తెలుసు.

మాది జమ్మలమడుగు. నేతపని వాళ్ళం. అయిదో తరగతి సగంలో ఉండగా బడి మాన్పించి నన్ను గుంట మగ్గంలో కూర్చోబెట్టారు. బడి నాకు ఇచ్చింది అక్షరాలు మాత్రమే. మిగతా చదువంతా నేనే చదువుకున్నాను. చిల్లర అంగట్లో పొట్లాలు కట్టే కాగితాలు, లైబ్రరీలో అట్టలు ఊడిన పుస్తకాలు, మందు సీసాల మీది చీటీలు, ఏది దొరికితే అది. ఇంగ్లీషు కూడా అట్లాగే కూడబలుక్కుని పట్టుకున్నాను. డిగ్రీలు చదివినవాడు తప్పు మాట్లాడితే నేను ఊరుకోను. ఈ కోపం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. బ్యాంకులో, తాలూకాఫీసులో, ఆసుపత్రిలో "నీకు తెల్దులే, కూచో" అన్న ప్రతివాడూ కొంచెం కొంచెం పోసి నింపినది.

మగ్గాలు మూలబడ్డాక ప్రొద్దుటూరు వచ్చి ఒక బట్టల అంగట్లో గుడ్డ కొలిచి చింపే పనిలో చేరాను. ఆ అంగడి పక్క సందులోనే నా స్నేహితుని దుకాణం. కువైట్‌లో పద్నాలుగేళ్ళు కుట్టి తిరిగి వచ్చినవాడు. ముసల్మాను. నాకంటే పన్నెండేళ్ళు చిన్న. నన్ను మామా అంటాడు, నేను అప్పా అంటాను. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళవాళ్ళ ఇళ్ళలో పెళ్ళికొడుకు కోటు అంటే అతను కత్తిరించవలసిందే. కుట్టడానికి వేరే మనుషులున్నా కత్తిరింపు మాత్రం ఇంకొకరికి ఇచ్చేవాడు కాదు. గుడ్డ మీద సుద్దముక్కతో ఒక్కసారే గీస్తాడు. కత్తెర పెట్టాడంటే అంచు దాకా ఆగదు. నేను గుడ్డ ఇవ్వడానికి పోయి, ఆ చెయ్యి కదలడం చూస్తూ వచ్చిన పని మరిచిపోయి నిలబడేవాణ్ణి. ఆ కుడి చేతి మీదనే అతని ఇల్లు నడిచింది.

ఆ డిస్కులు కువైట్ నుంచి తెచ్చింది అతనే. శుక్రవారం సెలవు నాడు అతను పోయి కూర్చునే పార్కులో కొంతమంది తెల్లవాళ్ళు ఒక ఆట ఆడేవారట. అన్నం తినే పళ్ళెం అంత ప్లాస్టిక్ డిస్కును, దూరంగా గుంజకు గొలుసులు వేలాడదీసి పెట్టిన బుట్టలో పడేలా విసరాలి. ఎవరు తక్కువ విసుర్లలో పడేస్తే వారు గెలిచినట్టు. డిస్క్ గోల్ఫ్ అంటారట. ఉద్యోగం ముగించుకుని పోతున్న ఒక ఆటగాడు తన డిస్కులు తొమ్మిదీ ఇతనికి ఇచ్చి పోయాడు. ఇతను చూడడమే గాని ఒక్కసారీ ఆడలేదు. తెచ్చి దుకాణంలో అటక మీద పెట్టాడు. ఏడేళ్ళు అక్కడే ఉన్నాయి.

నేను అంగడి పని మానుకున్న ఏడాది, తోచక అతని దుకాణంలో కూర్చుంటున్న రోజుల్లో, అటక దులుపుతుంటే అవి కిందపడ్డాయి. పెన్న ఒడ్డున ఇళ్ళ ప్లాట్లు వేసి వదిలేసిన బీడు ఒకటి ఉండేది. పాత సైకిల్ రిమ్ములకు సన్న గొలుసులు వెల్డింగు చేయించి ఆరు బుట్టలు నాటాము. దారినపోయేవాళ్ళు బండ్లు ఆపి నవ్వేవారు. అతని భార్య దానికి పళ్ళేలాట అని పేరు పెట్టింది. "పొద్దన్నే పళ్ళేలాటకు పోతాండారా ఇద్దరు ముసిలోళ్ళూ?" అనేది. ఆదివారం పొద్దున, శుక్రవారం పొద్దున, ఎండెక్కేలోపల.

మొదటి రోజే అతని డిస్కు పైకి లేచి, గాలిలో నిలబడి, తిరిగి మా కాళ్ళ దగ్గరికే వచ్చి పడింది.

"ఏంది మామా ఇది, పెంచుకున్న పావురం మాదిరి మళ్ళీ నా కాడికే వస్తాండాది?"

"ముందర అంచు పైకి లేపి ఇడుస్తాండావప్పా. గాలి కిందికి దూరి ఎత్తుతాంది. అంచు కొంచెం వంచు."

వంచాడు. నేరుగా పోయింది. నేను పుస్తకం చదివి చెప్పలేదు, చూసి చెప్పాను. అతను నా వైపు తిరిగి సలాం కొట్టి, "గురూ!" అన్నాడు. ఎగతాళికే అన్నాడు. కానీ నా జన్మలో నన్ను ఎవరైనా ఆ మాటతో పిలవడం అదే మొదలు. ఆ తరువాత అతను దాన్ని ఎగతాళిగా అనడం మానేశాడు, అలవాటుగా అనేవాడు. నాకు మాత్రం అది అలవాటు కాలేదు. ప్రతిసారీ కొత్తగానే వినపడేది. జరిగినదంతా ఈ ఒక్క మాటను పోగొట్టుకోలేకనే జరిగింది.

ఆ ఆటలో ముఖ్యమైన విసురు బ్యాక్‌హ్యాండ్. కుడిచేతివాడైతే కుడి భుజం బుట్ట వైపు పెట్టి నిలబడాలి. డిస్కును రొమ్ముకు అడ్డంగా ఎడమ పక్కకు తీసుకుపోయి, అక్కడి నుంచి కుడికి లాగి, చేతి వెనక వైపు ముందుండేట్టు వదలాలి. చూడడానికి ఇంతే.

"వాళ్ళు ఆడ ఒళ్ళంతా తిప్పుతాండ్రి మామా," అన్నాడు అతను, రెండో వారమో మూడో వారమో. "బుట్టకు వీపు చూపిచ్చి, గిర్రున తిరిగి ఇడుస్తాండ్రి."

"అది షోకప్పా. దుడ్లుండేవాళ్ళు ఏం చేసినా తిరుగుతానే చేస్తారు. ఇసిరేది చెయ్యి. నడుముకు ఏం పని?"

"అంతేనంటావా?"

"ముప్పై ఏండ్లు నాడె ఇసిరినోణ్ణి చెప్తాండా."

మగ్గం తెలియని వాళ్ళకు ఇది చెప్పాలి. గుంట మగ్గంలో నేతగాడు నేలలోకి కాళ్ళు దించి కూర్చుంటాడు. కాళ్ళు కింద చెక్కలు తొక్కుతాయి. నడుము కదలదు, కదిలితే నేత చెడుతుంది. కుడి చేతిలో తాడు పిడి ఉంటుంది. దాన్ని ఒక్క జాడింపు జాడిస్తే, అడ్డపోగు నూలును మోసే నాడె ఈ పక్క నుంచి ఆ పక్కకు దూసుకుపోతుంది, ఇంకో జాడింపుకు తిరిగి వస్తుంది. ఆ జాడింపు నా చేతికి ముప్పై ఏళ్ళు పట్టిన విద్య. వేగమంతా మోచేతి కిందే ఉందని నా ఒంటికి తెలుసు. అందుకే అతనికీ అదే చెప్పాను. "కాళ్ళు నాటు. రొమ్ము తిప్పొద్దు. చెయ్యి అడ్డంగా లాగి జాడించు."

నాడెకు నున్నటి పలక ఉంది, రెండు పక్కలా ఆపే పెట్టె ఉంది, అది పోవలసింది చీర పన్నా అంత దూరమే. డిస్కు డెబ్భై గజాలు గాలిలో పోవాలి. ఆ తేడా నాకు తట్టలేదు. అతనికీ తట్టలేదు. అతనూ కూర్చుని పనిచేసే మనిషే, నడుము ఆనించుకోవడానికి తప్ప ఎందుకూ వాడి ఎరగడు. మా ఇద్దరికీ ఒళ్ళంటే చేతులే.

ఇక్కడిదాకా నా తప్పు తెలియక చేసినది. దీనికి నన్ను నేను తిట్టుకోను.

ఆ ఏడు వానలు వెనకబడి కురిశాయి. ప్రొద్దుటూరులో మా బీడు బురదైపోతే, రెండు బుట్టలు ఆటోలో వేసుకుని జమ్మలమడుగులో నాకు తెలిసిన ఒక మైదానానికి పోయాము. మేము ఆడుతుంటే రోడ్డు మీద ఒక వ్యాను ఆగింది. గండికోట చూడడానికి పోతున్న బెంగళూరు వాళ్ళు. అందులోనుంచి ఒక ఆమె దిగి పరుగెత్తుకుంటూ వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో, బక్కపల్చటి మనిషి. తాను కూడా బెంగళూరులో ఈ ఆట ఆడుతుందట. ఈ ఊళ్ళో గొలుసుల బుట్టలు కనబడతాయని కలలో కూడా అనుకోలేదని, మా బుట్టలకు ఫోటోలు తీసుకుంది. ఒక డిస్కు అడిగి తీసుకుని, బుట్టకు వీపు చూపించి, తిరిగి వదిలింది. అది మైదానం ఆ చివర గోడకు పోయి తగిలింది.

నా స్నేహితుడు "అబ్బా!" అని, ఆమెకు టీ తెస్తానని రోడ్డు దాటి పోయాడు. అతను అటు పోగానే ఆమె నా దగ్గరికి వచ్చింది.

"అంకుల్, ఒక మాట చెప్పొచ్చా? ఆయన చెయ్యి ఒక్కటే విసురుతోంది. నడుము అసలు రావట్లేదు. ఇలాగే ఆడితే ఆయన భుజం పోతుంది."

"నువ్వు ఎన్నేండ్లుగా ఆడతాండావు మా?"

"ఆరేళ్ళు."

"నేను ముప్పై ఏండ్లు నాడె ఇసిరినా."

"నాడె అంటే ఏంటి అంకుల్?"

ఆ పిల్ల తెలియక అడిగింది. మర్యాదగానే అడిగింది. కానీ నాకు బ్యాంకులో అద్దం వెనక కూర్చున్న మొహాలన్నీ గుర్తొచ్చాయి. ఆమె నా మొహం చూసి ఏమనుకుందో, చేత్తో చూపించడం మొదలుపెట్టింది. ఎడమ కాలి మీద బరువు పెట్టి వెనక్కి తిరిగింది. కుడి కాలు నేలకు ఆనించి, మడమ తిప్పి, తుంటి తిప్పి, ఆ తరువాతే భుజం, అన్నిటికంటే చివర చెయ్యి. "చెయ్యి తాడు లాంటిది అంకుల్. లాగేది నడుము. డిస్కు ఒంటి చుట్టూ తిరిగి రాకూడదు, రొమ్ముకు దగ్గరగా గీత గీసినట్టు రావాలి. నాకూ మొదట్లో ఎవరూ చెప్పలేదు. భుజం పట్టేసి ఆరు నెలలు తల కూడా దువ్వుకోలేకపోయాను."

వ్యాను హారన్ కొట్టింది. ఆమె పోతూ పోతూ, "మీరు ఆయనకు చెప్పండి. మీ మాట వింటారు కదా," అంది.

అతను మూడు గ్లాసులు పట్టుకుని వచ్చేసరికి వ్యాను పోయింది.

"పోయిందా? అయ్యో. ఏమంటాన్నింది మామా ఆ పాప?"

"ఏం లేదప్పా. ఈడ గాలి ఎటు నుంచి కొడతాదని అడుగుతాన్నింది."

ఆమె గ్లాసు కూడా నేనే తాగాను.

మరుసటి రోజు పొద్దున్నే, అతనికి చెప్పకుండా, నేను ఒక్కణ్ణే మా బీడుకు పోయాను. ఆమె చెప్పింది తప్పని రుజువు చేసుకోవడానికే పోయానని అప్పుడు అనుకున్నాను. బురదలో చెప్పులు విప్పి, ఆమె నిలబడినట్టు నిలబడి, బుట్టకు వీపు చూపించి, మడమ తిప్పాను. మొదటి నాలుగు ఎక్కడెక్కడో పడ్డాయి. అయిదోది నా చెయ్యి లాగినట్టే అనిపించలేదు. నడుము తిరిగింది, డిస్కు తనంతట తాను పోయింది. నేను ఎప్పుడూ అందుకోలేని కంపచెట్టును దాటి, దాని అవతల పడింది. భుజంలో ఎక్కడా పట్టు లేదు. నాకు డెబ్భై ఒకటి అప్పటికి. ఆ కంపచెట్టు అవతలికి నడిచిపోయి డిస్కు తెచ్చుకున్నంతసేపూ నేను నవ్వుతూనే ఉన్నాను.

ఆ రోజే చెప్పవలసింది. చెప్పాలంటే ముందు గాలి అబద్ధం ఒప్పుకోవాలి. దానికంటే ముందు, ఇన్నాళ్ళూ నేను నేర్పింది తప్పని ఒప్పుకోవాలి. అది కూడా, నాడె అంటే ఏమిటో తెలియని పిల్ల దగ్గర నేర్చుకుని. వచ్చే ఆదివారం చెప్తామనుకున్నాను. ఆ ఆదివారం అతను బాగానే విసిరాడు, ఇప్పుడెందుకులే అనుకున్నాను. ఇట్లా ఒక్కొక్క ఆదివారానికీ ఒక్కొక్క కారణం దొరికింది. చివరికి, ఇన్నాళ్ళు చెప్పకుండా ఇప్పుడు చెప్తే ఏమనుకుంటాడు అన్నదే కారణం అయింది.

నేను తిరుగుతూ విసరడం అతను చూడలేదా అని, ఈ సంగతి విన్న ఒకాయన ఈ మధ్య అడిగాడు. చూశాడు.

"ఏంది మామా, నువ్వు గూడా ఆ పాప మాదిరి తిరుగుతాండావు?"

"మోకాలి నొప్పప్పా. నిలబడి ఇసరలేక తిరుగుతాండా."

"మోకాలు నొప్పి పుట్టి నీ పళ్ళెం యాడికో పోతాంది. నాకు గూడా పుడితే బాగుండు."

ఇద్దరం నవ్వాము. నేను ఎక్కువ నవ్వాను.

అతనికి నొప్పి అప్పటికే మొదలయింది. దుకాణంలో అడుగు పెడితే తైలం వాసన కొట్టేది. కత్తిరిస్తూ కత్తిరిస్తూ మధ్యలో ఆగి చెయ్యి వేలాడేసేవాడు. అంతకు ముందు అతని కత్తెర గుడ్డ మధ్యలో ఆగడం నేను చూడలేదు.

"ఇది ఏమన్నా ఆటవల్లనా మామా?"

"మగ్గం ఎక్కిన కొత్తల్లో మాకూ అట్లే పుట్టేది. రెండు నెలలకు అదే పోతాది. మానుకుంటే ఇంకా పట్టుకుంటాది."

మానుకుంటే ఇంకా పట్టుకుంటుందని ఏ పుస్తకంలోనూ లేదు. నేను అప్పటికప్పుడు కల్పించి చెప్పాను. నేను చెప్పాను కాబట్టి అతను మానుకోలేదు.

మాఘమాసం పెళ్ళిళ్ళు. అతని దగ్గర కత్తిరించవలసిన కోట్ల గుడ్డలు పదకొండు ఉన్నాయి. ఆ శుక్రవారం పొద్దున ఆటకు రాలేనన్నాడు. "అర్ధగంట రా, మళ్ళీ పోదువులే," అని నేనే తీసుకుపోయాను. ఆరో బుట్ట అన్నిటికంటే దూరం. నా డిస్కు దాని కాళ్ళ దగ్గర పడింది.

"నాకు అబ్బదా మామా అంత దూరం?"

"అబ్బుతాది. గట్టిగా జాడించు."

కాళ్ళు నాటాడు. రొమ్ము కదల్చలేదు. నేను నేర్పినట్టే, ఒక్క పొల్లు పోకుండా, ఉన్న బలమంతా చేతిలో పెట్టి జాడించాడు. డిస్కు పది అడుగుల దూరంలో పడింది. అతను ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకుని మెల్లగా కింద కూర్చున్నాడు.

"లోపల గుడ్డ చినిగినట్లాయ మామా," అన్నాడు.

డాక్టరు చిన్నవాడు. స్కాను తీయించి, దాన్ని వెలుతురుకు పట్టి చూస్తూ అడిగాడు. "ఏం పని చేస్తావు?"

"టైలరు సార్. ముప్పై నాలుగేండ్లు."

"ఇంకేం మరి. కత్తెర పట్టిపట్టి అరిగిపోయుంటుంది. ఇప్పుడు తెగింది."

"పళ్ళేలాట గూడా ఆడతాము సార్, నేనూ మామా."

డాక్టరు నవ్వాడు. "ఆటలకు ఇట్లా కాదులే పెద్దాయనా. ఇది ఏండ్ల తరబడి కత్తెర చేసిన పని." నా వైపు చూశాడు. నేను ఏమైనా అంటానేమోనని ఆగినట్టే ఆగాడు. నేను గోడ మీది పటం చూశాను. భుజం లోపలి నరాలూ కండలూ ఎర్రగా గీసిన పటం. డిగ్రీ చదివినవాడు తప్పు మాట్లాడితే ఊరుకోనని పైన రాశాను. ఆ రోజు ఊరుకున్నాను. అంతే కాదు, ఆయన తప్పు చెప్పినందుకు లోపల ఊపిరి పీల్చుకున్నాను.

ఆపరేషను వద్దన్నారు, ఈ వయసులో అతుక్కుంటుందన్న నమ్మకం లేదన్నారు. కసరత్తు చెప్పారు. మూడు నెలలు చేశాక చెయ్యి భుజం ఎత్తుకు లేచింది, అక్కడ ఆగిపోయింది. చెంచా పట్టుకుంటాడు, చొక్కా గుండీలు పెట్టుకుంటాడు. కోటు గుడ్డ కోసే బరువు కత్తెర మాత్రం రెండో కోతకే చేతిలోనుంచి జారుతుంది. పదకొండు గుడ్డలూ భుజం తెగిన ఆ వారమే తిరిగి పోయాయి. ఆ ఇళ్ళకు పోయి ఇచ్చి వచ్చింది నేనే. "ఏమయిందంట ఆయనకు?" అని ప్రతి ఇంట్లోనూ అడిగారు. "కత్తెర పట్టిపట్టి" అని ప్రతి ఇంట్లోనూ చెప్పాను. పదకొండో ఇంటికి వచ్చేసరికి ఆ మాట నాకే నిజమనిపించింది.

వేసవి దాటాక దుకాణం మూసేసి పులివెందులకు పోయారు. అక్కడ అతని బావమరిదికి దర్జీ అంగడి ఉంది.

రెండు నెలలు ఆగి చూడడానికి పోయాను. ముద్దనూరు మీదుగా బస్సు. దారి పొడుగునా చెప్పవలసిన మాటలు వరసగా పెట్టుకున్నాను. అంగట్లో అతను ముందర కుర్చీలో కూర్చుని ఎడమ చేత్తో టేపు పట్టుకుని కొలతలు చెప్తున్నాడు. బావమరిది రాసుకుంటున్నాడు. ఎవరో ఒకాయన ప్యాంటు గుడ్డ ఇస్తూ, "నువ్వు కత్తిరించవా?" అన్నాడు. "లేదు సార్, ఆయన కత్తిరిస్తాడు. నేను కొలతలకు," అన్నాడు నా స్నేహితుడు. ప్రొద్దుటూరులో పెళ్ళికొడుకుల తండ్రులు వచ్చి నిలబడి బతిమాలిన మనిషి.

ఇంటికి తీసుకుపోయాడు. అతని భార్య టీ పెట్టి, అతను చేతులు కడుక్కోవడానికి పోయినప్పుడు గొంతు తగ్గించి నాతో అంది.

"అన్నా, మీరన్నా చెప్పండి ఈయనకు. కత్తెరను చూస్తే మొగం తిప్పుకుంటాండాడు. కువైట్‌లో కొన్న కత్తెర, అన్నేండ్లు కళ్ళకద్దుకుని పెట్టుకున్నాడు. ఇప్పుడు యారికన్నా ఇచ్చేయి అంటాండాడు. నా చెయ్యి తినింది అదే అంటాడు."

"చెప్తాలే మా," అన్నాను.

అతను వచ్చి కూర్చున్నాడు. నా చేతిలో టీ చల్లారుతోంది.

"ఆట ఆడతాండావా మామా?"

"లేదప్పా. నిలిపేసినా."

"యాల నిలిపేస్తివి? బాగా పోతాండె గదా నీది."

అప్పుడు చెప్పి ఉండవచ్చు. తలుపు తీసి పెట్టినట్టే అడిగాడు. నేను బస్సు టైమయిందన్నాను. ఇంకా గంటన్నర ఉంది. బస్టాండులో కూర్చున్నాను.

ఇంటికి వచ్చాక ఉత్తరం రాశాను. ఫోన్లో అయితే అతను ఏదో ఒక ఎగతాళి మాట అంటాడు, నేను నవ్వేస్తాను, మళ్ళీ తప్పించుకుంటాను. అందుకని ఉత్తరం. నాలుగు పేజీలు, రెండుసార్లు తిరగరాసి, పోస్టాఫీసుకు నేనే పోయి వేశాను. అందులో జమ్మలమడుగు మైదానం రాశాను, టీ గ్లాసు రాశాను, మోకాలి నొప్పి రాశాను, డాక్టరు గది రాశాను. సరైన పద్ధతి ఏమిటో కూడా వివరంగా రాశాను, ఇప్పుడు అతనికి అది ఎందుకు పనికొస్తుందో ఆలోచించకుండానే.

వారం చూశాను. రెండు వారాలు చూశాను. ఉత్తరం అందలేదేమోనని పోస్టాఫీసుకు పోయి కౌంటరులో గొడవ పెట్టుకున్నాను. అక్కడి అమ్మాయి, "అందిందో లేదో ఆయనకే ఫోన్ చేసి అడగొచ్చు కదా," అంది. ఆమె చెప్పింది న్యాయమే. నాకు ధైర్యం లేదు.

మూడో వారం దాటాక, ఒక శుక్రవారం మధ్యాహ్నం ఫోన్లో అతని గొంతు వచ్చింది, మాట రికార్డు చేసి పంపాడు. నేను పలకకుండా, అతన్ని ఆపకుండా మొదటి నుంచి చివరి దాకా అతని మాట విన్నది బహుశా అదే మొదలు. తరువాత కాగితం తీసుకుని, ఆపి ఆపి వింటూ, అతను అన్నది అన్నట్టు రాసుకున్నాను. ఇదీ అది:

"మామా, నేను. నీ ఉత్తరం వచ్చి ఇరవై దినాలాయ. చెయ్యి రాయనీదు, అందుకే నోటితో చెప్తాండా. నాలుగు పేజీలు రాసినావు. మా ఇంట్లో ఆమె చదివి వినిపిచ్చె. మొదటి పేజీ అంతా నువ్వు ఎట్ల చదువుకుంటివో. రెండో పేజీ ఆ బెంగళూరు పాప నాడె అంటే ఏందని అడిగితే నీకు ఎంత మంట పుట్టెనో. మూడో పేజీ ఆ డాక్టరుకు ఏమీ తెల్దని. నా భుజం నాలుగో పేజీలో వచ్చె మామా, సంతకానికి పైన. ఆడికి వచ్చేసరికి మా ఆమె చదవలేక నిలిపేసె. మళ్ళా రెండు దినాలకు చదివె.

"నువ్వు మోకాలి నొప్పి అన్నప్పుడే నాకు అనుమానం. మోకాలు నొప్పి ఉండేటోడు అట్ల తిరగడు. గురువు గదా అని అడగలా. అది నా తప్పే, నీ మీద ఎయ్యను. భుజం సంగతి ఇడ్సిపెట్టు, అది మాఫ్ చేసినా. ఆటలో పోయిందనుకుంటా. కానీ నేను కత్తెరను తిట్టినా మామా. నా ఇంటికి అన్నం పెట్టినదాన్ని, నా చెయ్యి తినిందని ఇన్ని నెలలు తిట్టినా. ఈడ పని నేర్చుకుంటానని ఒక ఆడపిల్ల వచ్చింటే, వద్దు మా, ఈ పని చెయ్యి తింటాదని చెప్పి పంపిచ్చేసినా. శానా మంచి చెయ్యి ఆ పాపది. ఇప్పుడు యాడుండాదో తెల్దు. నువ్వు ఆ పొద్దు డాక్టరు ముందర ఒక్క మాట అనింటే నేను ఆ పాపకు అట్ల చెప్పింటానా? దాన్ని మాఫ్ చేసేదానికి నాకు ఇంకా మనసు రాలా. వచ్చినప్పుడు చెప్తా.

"ఇంగ ఉత్తరాలు రాయొద్దు. మడమ తిప్పాల, తుంటి తిప్పాల అని రాసినావే, అది చదివేటప్పుడు మా ఆమెకు నవ్వొచ్చె, నాకు అర్థం కాలా. ఆదివారం రా. ఎడమ చెయ్యి బాగానే ఉండాది నాకు. నోరు మాత్రం తెరవొద్దు మామా. ఊరికే నిలబడి చూపిచ్చు, నేను చూసి నేర్చుకుంటా."